కుంపటి బయటికొచ్చిన మూడు ఉదయాలు

ఆ చలికాలంలో మా ఇంట్లో పోయినవి ఇవి. ఒక ఆడపిల్ల, వయసు పదకొండు రోజులు, ఇంకా పేరు పెట్టలేదు. మా అక్క బాలమ్మ, వయసు నలభై ఒకటి. మా ఆవిడ యాదమ్మ జ్ఞాపకంలో నుంచి పదకొండు రోజులు. ఆ పిల్ల పుట్టినప్పటి నుంచి పోయేదాకా ఏం జరిగిందో ఆమెకు ఇప్పటికీ గుర్తు లేదు. కన్నబిడ్డ ముఖం గుర్తు లేదు. ఫోటో తీయించలేదు కాబట్టి చూపించడానికి నా దగ్గరా ఏమీ లేదు.

దయ్యాలు, ఆత్మలు అనే మాటలను నేను ఎన్నడూ నమ్మలేదు. ఇప్పుడు రాస్తున్నది కూడా నమ్మి కాదు. పాతికేళ్లుగా పాశమైలారం దారిలో ఒక ధర్మకాటా దగ్గర పనిచేస్తున్నాను. లారీని నిండుగా వచ్చినప్పుడు ఒకసారి తూస్తాం, ఖాళీ అయ్యాక ఒకసారి. ఒకదానిలో నుంచి ఇంకొకటి తీసేస్తే సరుకు బరువు వస్తుంది. డ్రైవరు ఎన్ని ఒట్లు పెట్టుకున్నా కాటా చూపించిందే చీటీ మీద రాస్తాం. నేను ఏడో తరగతితో బడి మానేశాను. లెక్కలు ఆ కాటా దగ్గరే, పాత చీటీల వెనక వేసుకుంటూ నేర్చుకున్నాను. అందుకని కళ్లతో చూసినదాన్ని కూడా కొలవకుండా చెప్పడం నాకు చేతకాదు. ఇందులో నేను చెప్పే కొలతలు అప్పటికప్పుడు టేపు పెట్టి కొలిచి రాసుకున్నవి.

మాది ఇస్నాపూర్. మా అమ్మ నాకు మూడేళ్లప్పుడు పోయింది. నాకంటే పన్నెండేళ్లు పెద్దదైన అక్కే నన్ను పెంచింది. ఆమెకు పదహారో ఏట పెళ్లయితే నన్ను వదిలి ఉండలేక వెంట తీసుకుపోయింది. కొత్త పెళ్లికూతురు తమ్ముణ్ణి చంకలో ఎత్తుకుని అత్తగారింట్లో కాలు పెట్టిందని అక్కడివాళ్లు నవ్వారట. నాలుగేళ్లు తిరగకుండానే బావ చనిపోయాడు. పిల్లలు లేరు. నన్ను ఎత్తుకుని వెళ్లిన మనిషి నన్ను నడిపించుకుంటూ తిరిగి వచ్చింది. ఆ తర్వాత ఇంకెక్కడికీ పోలేదు.

మా వైపు ఎండల సంగతే అందరికీ తెలుసు, చలి సంగతి తెలియదు. పుష్యమాసంలో మంజీర వైపు నుంచి గాలి తిరిగిందంటే తెల్లవారి బక్కెట్లో చెయ్యి పెట్టలేం. దానికి మా ఇళ్లలో ఉన్న ఏర్పాటు ఒక్కటే, కుంపటి. దాన్ని దీపావళి దాటగానే సిద్ధం చేసుకోవాలి, చలి వచ్చాక మొదలుపెడితే కాదు.

మా కుంపటి నూనె డ్రమ్ము అడుగు భాగం కోయించి చేసింది. వెడల్పు పదహారు అంగుళాలు, ఎత్తు ఏడు. ఎత్తడానికి అటూ ఇటూ రెండు ఇనుప రింగులు. లోపల ఎర్రమట్టిలో వడ్ల పొట్టు కలిపి రెండు వేళ్ల మందాన మెత్తాలి. తొమ్మిది రోజులు నీడలోనే ఆరాలి, ఎండలో పెడితే పగుళ్లు వస్తాయి. తర్వాత తుమ్మబొగ్గు తెచ్చి, జల్లెడ పట్టి, సగం కాలిన ముక్కలు ఏరి పారేయాలి, ఎందుకంటే పొగ వచ్చేది వాటి నుంచే. చివరగా వాకిట్లో ఒకసారి రాజేసి చూడాలి. ఇవన్నీ అక్క చేసేది. ఆమె మెత్తిన మట్టి మూడు చలికాలాలు నిలిచేది.

యాదమ్మ మొదటి కాన్పు నాటికి నేను పాత ఇంటి పక్కన స్లాబు వేసి వరుసగా మూడు గదులు కట్టాను. రెండు ఫ్యాక్టరీ పనివాళ్లకు కిరాయికి, ఒకటి మాకు. కర్దనూర్‌లో అత్తగారింట్లో ఆ నెలలోనే ఒక చావు జరిగి మైల పట్టడంతో పురుడు మా ఇంట్లోనే జరగాల్సి వచ్చింది. బాలింతను కొత్త గదిలో ఉంచాం. గది పది అడుగుల పొడవు, తొమ్మిది వెడల్పు, తొమ్మిదిన్నర ఎత్తు. మంచం లోపలి గోడకు. కుంపటి మంచం కింద, కాళ్ల వైపు. అక్క చాప తలుపు దగ్గర.

బాలింతకు, బిడ్డకు చలి తగలకూడదు. ఇది మా దగ్గర అందరికీ తెలిసిన మాట. గూనపెంకుల ఇంట్లో ఎంత మూసినా పెంకుల సందుల్లో నుంచి వేడి పోతుండేది. రాత్రికి మూడు కిలోల బొగ్గు పోసినా తెల్లవారేసరికి గది చల్లబడేది. స్లాబు గదిలో ఆ బాధ లేదు. నేను రెండు వెంటిలేటర్లకు అట్టముక్కలు పెట్టి మైదాపిండితో అతికించాను. కిటికీ సందుల్లో కాగితాలు కూరాను. కిలోన్నర బొగ్గుకే తెల్లవారినా గది వెచ్చగా ఉంది. సగానికి సగం తగ్గింది. ఆ లెక్క చీటీ వెనక వేసి అక్కకు చూపించాను.

అక్క చీటీ చూడలేదు. పైకి చూసింది. "తమ్మీ, గీ అర్ర డబ్బ లెక్కున్నది. పైన జెర సందు ఇడువు" అంది.

"బొగ్గుకు పొగ ఏడిదక్కా? సందిడిస్తే ఉన్న వేడంతా పోతది" అన్నాను.

"నువ్వు సలిని సుత కాటా మీద పెట్టి తూస్తవురా" అని నవ్వి ఊరుకుంది. తమ్ముడికి పెద్ద చదువు లేకపోయినా లెక్కల్లో పొరపడడని ఆమె నమ్మకం.

పదకొండో రోజు ఉదయం నేను రాత్రి డ్యూటీ దిగి ఇంటికి వచ్చేసరికి ఆరున్నర. తలుపు లోపల గడియ వేసి ఉంది. పిలిస్తే పలకలేదు. పక్క గదిలో ఉండే బిహారీ కుర్రాళ్లిద్దరిని లేపి తలుపు పగలగొట్టాం.

యాదమ్మ మంచం మీద మూలుగుతోంది, కళ్లు తెరిచి ఉన్నా మనిషిని గుర్తుపట్టడం లేదు. పాప తల్లి పక్కనే ఉంది. బుగ్గలు ఎర్రగా, ఎప్పటికంటే బాగున్నాయి. అందుకే బతికి ఉందనుకుని ముందు పాపను కాక అక్కను లేపబోయాను. అక్క బోర్లా పడి ఉంది. రెండు చేతులూ కుంపటి రింగుల మీద ఉన్నాయి. అరచేతులు కాలిపోయాయి. కుంపటి మంచం కింద లేదు. గది మధ్య దాటి అక్క చాప అంచు దాకా వచ్చి ఉంది. గచ్చు మీద గీరిన గీత కనబడుతోంది.

నేను ఆ గీతను చూసి ఒక లెక్క వేశాను. మంచం కింద ఉండాల్సిన నిప్పు అక్క చాప దగ్గరికి వచ్చింది. పసిపిల్ల చలికి పోయింది. అంటే అక్క చలికి ఆగలేక నిప్పును తన పక్కకు లాక్కుంది, లాక్కుంటూ ఫిట్సు వచ్చి పడిపోయింది. ఇంతే అనుకున్నాను. మనసులో అనుకుని ఊరుకోలేదు. అక్క శవం ఇంట్లో ఉండగానే, వచ్చినవాళ్లందరి ముందు ఆ మాట అన్నాను. కాదన్నవాళ్లు ఎవరూ లేరు. యాదమ్మను డాక్టరుకు చూపించినప్పుడు కూడా చలి తగిలిందనే చెప్పాను. కుంపటి ప్రస్తావనే తేలేదు. తేవాలని తోచలేదు.

అక్కకు తలకొరివి నేనే పెట్టాను. పదో రోజుతో సరి. ఆ తర్వాత మా ఇంట్లో ఆమె పేరు వినబడకుండా చేశాను. పాత కుంపటి తీసుకెళ్లి పారేశాను. ఆమె చీరలు ఎవరికో ఇచ్చేశాను. యాదమ్మ ఎప్పుడన్నా "వదినె" అని మొదలుపెడితే లేచి బయటికి పోయేవాణ్ణి. పన్నెండేళ్ల పిల్లగా ఉన్నప్పుడు ఆ మనిషి నేను పుట్టానని ఊరంతా చెప్పుకుంటూ తిరిగిందట. అది నాకు తెలుసు. తెలిసి కూడా అలా చేశాను.

తర్వాత రెండుసార్లు కడుపు వచ్చి నిలవలేదు. అయిదేళ్లకు, మళ్లీ పుష్యమాసంలోనే, ఆసుపత్రిలో ఆపరేషన్ చేస్తే కొడుకు పుట్టాడు. రెండు కిలోల రెండు వందల గ్రాములు. బరువు తక్కువ, వెచ్చగా చూసుకోమని పంపించారు. ఈసారి అత్తమ్మ కర్దనూర్ నుంచి వచ్చింది. అదే గది. వేరే గదులు రెండూ కిరాయికి ఉన్నాయి.

ఈ బిడ్డ దక్కకపోతే యాదమ్మ కూడా దక్కదని నాకు అనిపించింది. దీపావళి నుంచే ఏర్పాట్లు మొదలుపెట్టాను. కొత్త కుంపటి అదే కొలతకు చేయించి, మట్టి నేనే మెత్తాను. రెండుసార్లు పగిలింది, మూడోసారి నిలిచింది. మట్టితో సహా తూకం పదకొండు కిలోల నాలుగు వందలు. వెంటిలేటర్లకు అట్టలు కాదు, ప్లైవుడ్ ముక్కలు కొట్టి అంచులకు సిమెంటు పూశాను. పోయినసారి తలుపు కింద వేలెడు సందు వదిలేశాను, చలి అక్కడి నుంచే వచ్చి ఉంటుందనుకున్నాను. అందుకని ఒక ఫ్యాక్టరీ తీసేసిన రబ్బరు బెల్టు నుంచి ముక్క కోయించి తలుపు కింద మేకులతో కొట్టాను. తలుపు తీసినా వేసినా ఆ రబ్బరు గచ్చు మీద కీచుమని అరిచేది. కుంపటిని మంచం కింద నుంచి ఎవరూ కదపకూడదని అత్తమ్మకు గట్టిగా చెప్పాను. రాత్రి డ్యూటీలు మానుకుని, వరండాలో తలుపుకు నాలుగడుగుల దూరంలో మంచం వేసుకుని పడుకున్నాను.

బాబు పుట్టిన తొమ్మిదో రోజు. ఉదయం అయిదింటికి లేచి కాలు కింద పెడితే వెచ్చగా తగిలింది. కుంపటి నా మంచానికి, తలుపుకు మధ్య ఉంది. పైన బూడిద, లోపల నిప్పులు ఎర్రగానే ఉన్నాయి. తలుపు దగ్గరికి వేసి ఉంది కానీ గడియ లేదు. లోపల ముగ్గురూ నిద్రపోతున్నారు.

నాకు మొదట వచ్చింది కోపం, భయం కాదు. మళ్లీ ఒకరు నా బిడ్డ కింద నిప్పు తీశారనుకున్నాను. తడి గోనెసంచి పట్టి కుంపటిని మళ్లీ లోపల పెట్టి తలుపు మూశాను. తర్వాత అత్తమ్మను అడిగాను.

"నేనెందుకు తీస్త అల్లుడా? నాకే కొంకర్లు పోతున్నయి సలికి" అంది. తల దిమ్ముగా ఉందని, లేవబుద్ధి కావడం లేదని కూడా అంది. యాదమ్మ కూడా అదే మాట చెప్పి రెండుసార్లు వాంతి చేసుకుంది. బాబు సరిగా పాలు తాగలేదు. ఎనిమిది గంటలకు బయట ఎండలో కూర్చోబెట్టాక ముగ్గురూ తేరుకున్నారు. ఇవన్నీ చీటీ వెనక రాసుకున్నాను. రాసుకున్నాను కానీ వాటిని కలిపి చూడలేదు.

ఆ రాత్రి పడుకునే ముందు అత్తమ్మ గడియ వేసిన చప్పుడు నా చెవులతో విన్నాను. ఉదయం అయిదింటికి గడియ తీసి ఉంది, కుంపటి మళ్లీ బయట ఉంది. దాని స్థానం నుంచి బయట ఆగిన చోటికి తొమ్మిది అడుగుల రెండు అంగుళాలు. రింగు ముట్టుకుంటే నా రెండు వేళ్లు బొబ్బలెక్కాయి. అప్పుడు ఒక పని చేశాను, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది. అత్తమ్మ చేతులు, యాదమ్మ చేతులు తిప్పి తిప్పి చూశాను. కాలిన గుర్తు లేదు. బూడిద లేదు.

అత్తమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది. "లారీలోల్లను అనుమానించు అల్లుడా. తూకం పెరగాలని ఇసుకల నీళ్లు కొట్టుకొచ్చిన్నా నేను?" అంది. నవ్వుతూ అనలేదు. ఆ రోజు నా చేతి అన్నం తినలేదు, బువ్వ తనే వండుకుంది.

ఆ మధ్యాహ్నం నేనే పరీక్షించి చూశాను. కుంపటిలో అంతే బొగ్గు పోసి, తడి గోనెసంచితో పట్టుకుని మంచం కింద నుంచి వరండా దాకా మోశాను. మధ్యలో ఒకసారి దించాల్సి వచ్చింది. గడప దాటేటప్పుడు ఇనుము రాతికి తగిలి మోగింది. తలుపు రబ్బరు అరిచిన అరుపుకు కిరాయి గది వాళ్లు తొంగిచూశారు. నాలుగడుగుల దూరంలో పడుకున్న నాకు రెండు రాత్రులూ ఏ చప్పుడూ వినబడలేదు. నాది కాటా దగ్గర పడుకుని లారీ బ్రేకు శబ్దానికి లేచే నిద్ర.

ఆ సాయంత్రమే ఇనుప తీగ తెచ్చాను. కుంపటి రింగును మంచం కాలికి కట్టి పట్టుకారుతో ఏడు మెలికలు వేశాను. విప్పాలంటే మళ్లీ పట్టుకారు కావాలి. పట్టుకారు నా దిండు కింద పెట్టుకున్నాను.

ఉదయం కుంపటి బయట ఉంది. తీగ మంచం కాలి దగ్గర నేల మీద ఉంది. తెగలేదు. మెలికలు విప్పి ఉన్నాయి. పట్టుకారు నా దిండు కిందే ఉంది.

దాంతో నేను నిర్ణయానికి వచ్చాను. లోపలివాళ్లే ఎవరో నిద్రలో లేచి చేస్తున్నారు. తల్లో కూతురో తేలలేదు. బిడ్డ ప్రాణం ముఖ్యం, ఎవరనేది తర్వాత తేల్చుకుందామనుకున్నాను. పటాన్‌చెరు వెళ్లి తాళంకప్ప తెచ్చి, తలుపు బయట గొళ్లెం బిగించడం మొదలుపెట్టాను. ఆ రాత్రి నుంచి గదికి బయట నుంచి తాళం వేస్తే కుంపటి ఎలా బయటికొస్తుందో చూడాలని.

అప్పుడు సాయంత్రం అయిదున్నర. కిరాయి గదుల్లో ఒకదానిలో కొత్తగా దిగిన సూర్యారావు గారు డ్యూటీ నుంచి వచ్చారు. కాకినాడ వైపు మనిషి, ఒక ఫ్యాక్టరీలో బాయిలర్ చూసుకునే పని. యాభై దాటి ఉంటాయి, అవసరమైతే తప్ప మాట్లాడరు. సైకిలు స్టాండు వేసి నా పని చూస్తూ నిలబడ్డారు.

"లోపల మనుషులు పడుకుంటారు కదండీ, బయట గొళ్లెం ఎందుకూ?" అన్నారు.

కుంపటి సంగతి చెప్పాను. ఆయన తలుపు తీసి లోపలికి తొంగిచూశారు. వెంటిలేటర్లు చూశారు. వంగి తలుపు కింది రబ్బరు ముట్టుకున్నారు. కుంపటి ఎన్ని గంటలు లోపల ఉంటుందని అడిగారు. తల్లీబిడ్డలకు పొద్దున తలనొప్పి, వాంతులు ఉంటున్నాయా అని అడిగారు. చీటీ చూసి ఉన్నాయన్నాను.

ఆయన నా చేతిలో సుత్తి తీసుకుని, స్టూలు ఎక్కి ప్లైవుడ్ రెండూ పగలగొట్టారు. సిమెంటు పెళ్లలు మంచం మీద పడ్డాయి. అత్తమ్మ బాబును ఎత్తుకుని బయటికి పరుగెత్తింది. కిందికి దిగాక చెప్పారు. బొగ్గు మండటానికి గాలి కావాలి, చాలినంత గాలి లేకపోతే అందులో నుంచి ఒక విషవాయువు వస్తుంది, దానికి రంగు లేదు, వాసన లేదు, నిద్రలోనే మనిషిని తీసుకుపోతుంది అన్నారు. బాయిలర్ పనిలో చేరిన మొదటి రోజే తమకు నేర్పే సంగతి ఇదేనన్నారు. పెంకుటిల్లు అయితే ఏమీ అయ్యేది కాదట, స్లాబు గదికి కుంపటి పనికిరాదట.

గడప మీద కూర్చుని, అయిదేళ్ల కిందటి సంగతి మొత్తం ఆయనకు చెప్పాను. పాప బుగ్గల ఎరుపు చెప్పాను. ఆయన తల పట్టుకున్నారు. చలికి పోయిన బిడ్డ నీలంగా ఉంటుందని, ఆ ఎరుపు ఈ వాయువు గుర్తని చెప్పారు. అక్క కుంపటిని తన చాప వైపు లాక్కుందని చెప్పాను.

"ఆవిడ చాప ఎటు ఉండేదండీ?"

"తలుపు దగ్గర."

ఆయన మంచం దగ్గర నుంచి తలుపు దాకా చూశారు. తర్వాత మెల్లగా అన్నారు. "చాప వైపు కాదు బాబూ. తలుపు వైపు. బయటికి లాగుతున్నారావిడ. ఆ మాత్రం లాగబట్టే మీ ఆవిడ బతికారేమో."

లేచి లోపలికి వెళ్లాను. గచ్చు మీద అయిదేళ్ల నాటి గీత మంచం కింద నుంచి ఇంకా కనబడుతోంది. దాని మీద టేపు పెట్టాను. అయిదు అడుగుల పది అంగుళాలు. అక్కడి నుంచి గడపకు ఇంకా ఒక అడుగు ఎనిమిది అంగుళాలు. కాలుతున్న ఇనుమును ఒట్టి చేతులతో పట్టుకుని, స్పృహ తప్పుతుండగా, ఆమె అంత దూరం లాగింది. అరిచే శక్తి ఉండి ఉండదు. చేతులు వదలలేదు. నేను ఆమెను నిప్పు దొంగ అన్నాను.

ఆ రాత్రి గదిలో కుంపటి లేదు. బాబును యాదమ్మ రొమ్ముకు ఆనించుకుని రెండు బొంతలు కప్పుకుంది. వెంటిలేటర్లలో నుంచి చలిగాలి వస్తూనే ఉంది. ఉదయం ముగ్గురూ తేలిగ్గా లేచారు. ఎవరికీ తలనొప్పి లేదు. బాబు ఆకలికి గట్టిగా ఏడ్చాడు. కుంపటిని వాకిట్లో ఆర్పి పెట్టాం, పెట్టిన చోటే ఉంది. ఆ తర్వాత అది ఎప్పుడూ కదలలేదు.

యాదమ్మకు నేనే చెప్పాను. ఆమె బాబును ఒళ్లో పెట్టుకుని అంతా విన్నది. ఏడవలేదు. "నాకు పిల్ల మొఖం యాదికి లేదు. వదినె చేతులు యాదికున్నయి. కడుపుతోటి ఉన్నప్పుడు నాకు నూనె రాస్తుండె" అంది. ఇంకాసేపటికి, "అయిదేండ్లు ఆమె పేరు తియ్యనియ్యకపోతివి" అంది. అత్తమ్మ దగ్గరికి వెళ్లి తప్పైందన్నాను. ఆమె నా తల మీద చెయ్యి వేసింది.

ఇది జరిగి పద్నాలుగేళ్లయింది. మా వాడు ఇప్పుడు నా భుజం దాటాడు. ఇన్నేళ్లుగా ఆ మూడు ఉదయాలను నేను అన్ని రకాలుగా లెక్కవేసి చూశాను. అత్తమ్మ చేసిందనుకుంటే, మోకాళ్ల నొప్పులతో నీళ్ల బిందె ఎత్తలేని మనిషి, పదమూడు కిలోల నిప్పును చేతులు కాలకుండా ఎలా మోసింది? యాదమ్మ అనుకుంటే, ఆపరేషన్ కుట్లు ఇంకా విప్పలేదు. ఆ వాయువు పీల్చినవాళ్లకు లేచి నిలబడటమే కష్టమని సూర్యారావు గారే అన్నారు. నేనే నిద్రలో చేశానా అని కూడా చూశాను. లోపల గడియ ఉన్న గదిలోకి నేను ఎలా వెళ్తాను? వెళ్లినా రబ్బరు అరవాలి, గడప మోగాలి. కిరాయివాళ్లు ఎవరూ ఏమీ వినలేదు. తీగ మెలికల సంగతి దేనికీ అందదు. దయ్యం అని రాస్తే లెక్క తేలిపోతుంది. కానీ కొలవనిదాన్ని నేను రాయలేను. తెలియదు అన్నదే నా జవాబు. ఇది చదివినవాళ్లు స్లాబు గదిలో కుంపటి పెట్టుకుని పడుకోకండి, తప్పకపోతే పైన సందు వదలండి. అది మాత్రం తెలిసి చెబుతున్నాను.

ఏడాదికోసారి వచ్చే పెత్రమాస, అంటే పితృ అమావాస్య నాడు మా దగ్గర చనిపోయిన పెద్దల పేర్లు ఒక్కొక్కటే చెప్పి అయ్యగారికి బియ్యం ఇస్తాం. నాన్న పేరు, అమ్మ పేరు, తాతల పేర్లు. అక్క పోయిన తర్వాత వచ్చిన పెత్రమాసలలో నేను ఆమె పేరు చెప్పలేదు. అయ్యగారు ఇంకెవరైనా ఉన్నారా అని అడిగితే లేరన్నాను. బాబు పుట్టిన ఏడు నుంచి ఆమె పేరే ముందు చెబుతున్నాను. తప్పిపోయినవి ఒకేసారి కలిపి ఇవ్వవచ్చా అని ఆ మొదటి ఏడే అడిగాను. అయ్యగారు మంచివాడు, నా ముఖం చూసి కొంచెం ఆలోచించాడు. దాటిపోయిన అమాస దాటిపోయినట్టే నాయనా, ఏ ఏటిది ఆ ఏటికే అన్నాడు.

ఇచ్చినవి పద్నాలుగు. అవి వెనకటివాటికి జమ కావు. ఇప్పటికీ అక్కకు నేను బాకీ ఉన్నవి అయిదు.